పార్సిలాయన ఇంట్లో విశేషం

పార్సిలాయన అబద్ధాలాడే మనిషి కాదు. ఈ సంగతి ముందే చెప్పేసుకోవడం మంచిది, తర్వాత జరిగింది విన్నాక ఎవరూ నమ్మరు గనక. ముప్పై ఒక్కేళ్లుగా పార్సిల్ ఆఫీసులో తూకం బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎవరైనా మూట తెచ్చి బల్ల మీద పెట్టబోతే మధ్యలోనే అందుకుని, అరచేతిలో ఒకసారి ఆడించి, "నాలుగు కిలోల రెండొందలు" అనేవాడు. కాటా మీద పెడితే నాలుగు కిలోల రెండొందలే. ఒకసారి నూట యాభై గ్రాములు తేడా వస్తే కాటాని రిపేరుకి పంపించారు. తప్పు నిజంగానే కాటాది.

ఇంత గొప్ప చెయ్యి ఉండి ఏం లాభం, మనిషి మాత్రం ఎవరి కంటికీ ఆనేవాడు కాదు. కామెర్లొచ్చి ఇరవై రోజులు మంచం పట్టి తిరిగొస్తే, పక్క బల్ల దగ్గర రసీదులు రాసే ఆవిడ తలైనా ఎత్తకుండా, "అన్నయ్యగారూ, ఆ దారం కండె ఇలా ఇవ్వండి" అంది. ఆ ఇరవై రోజులూ ఈయన అక్కడే ఉన్నాడనుకుంది కాబోలు. ఆఫీసులో అందరూ కలిసి ఫోటో దిగినప్పుడు ఈయన్ని కాస్త పక్కకి తప్పుకోమన్నారు, గోడ మీది గడియారం కనపడ్డం లేదని. తప్పుకున్నాడు. గడియారం చక్కగా పడింది.

ఇంటావిడ దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. పొడగరి, గొంతు పెద్దది. ఆవిడ తుమ్మితే వీధి చివర ఇస్త్రీ చేసే మనిషి ఉలిక్కిపడి చొక్కా కాల్చిన రోజులున్నాయి. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. పిల్లల్లేరు. రెండుసార్లు వచ్చినట్టే వచ్చి మూడో నెల దాటకుండా పోయాయి. మొదటి పదేళ్లూ గడప తొక్కిన ప్రతి మనిషీ చెప్పులు విప్పకముందే "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అనేవారు. మనవాళ్లకి లోకంలో విశేషమంటే అదొక్కటే మరి. నెత్తిన పిడుగు పడ్డా "అది సరేగానీ, విశేషమేమైనా ఉందా" అనే రకం. ఆ తర్వాత అడగడం మానేశారు.

"అడిగినన్నాళ్లూ ఒళ్లు మండేది," అందోసారి ఆవిడ బియ్యం ఏరుకుంటూ. "అడగడం మానేశాక తెలిసింది, నా పని అయిపోయిందని."

అప్పట్నుంచి ఆవిడ ఒకరింటికి వెళ్లలేదు, ఒకర్ని రమ్మనలేదు. ఆ ఇంట్లో 'విశేషం' అన్న మాటే పలకరు. పార్సిలాయన అక్క ఫోను చేసి "ఏంట్రా విశేషాలు" అంటే, ఈయన ఫోను పట్టుకుని వీధిలోకి పరిగెత్తి, "ఏం లేవక్కా" అని చెప్పి లోపలికొచ్చేవాడు.

అలాంటి ఇంట్లోకి టమాటా పిలవని చుట్టంలా దిగింది. మెత్తబడిపోయిన పండొకటి ఆవిడ విసుగ్గా పెరట్లో బట్టలుతికే బండ పక్కకి విసిరేసింది. పది రోజులకి అక్కడ గుప్పెడు మొలకలు లేచాయి. కలుపు మొక్కలనుకుని పార్సిలాయన పీకబోయాడు.

"వాటి మీద చెయ్యి వేశారంటే ఊరుకోను," అంది ఆవిడ వంటింటి కిటికీలోంచి.

"ఏవిటోయ్ ఇవి?"

"ఏవైతేనేం? వచ్చాయి కదా. ఉండనివ్వండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ గొంతులో అంత పట్టుదల విని చాలా ఏళ్లయింది.

ఆ పెరడు ఎంతని? చాప పరిస్తే నిండిపోతుంది. అందులోనే బండ, కొళాయి, బట్టలారేసే తీగ. బలంగా ఉన్న మొలకలు ఎనిమిది ఏరి, ఖాళీ పెయింటు డబ్బాల్లో, చిల్లుపడ్డ బకెట్లలో నాటారు. పక్కింటి కాంపౌండరు ఎరువు తెచ్చిచ్చాడు. ఆస్పత్రిలో రోగులకి చెప్పి చెప్పి అలవాటైన మనిషి, మొక్కల వైపు చూసి కూడా "పూటకి రెండు చెంబులు, తగ్గకపోతే మళ్లీ కనపడండి" అన్నాడు.

పార్సిలాయనకి తెలిసిన విద్య ఒకటే, కట్టడం. విరిగిన గొడుగు ఊచలు డబ్బాల్లో పాతి, ఆఫీసులో మిగిలిన పురికొస ముక్కలు తెచ్చి, ప్రతి కాడకీ పార్సిల్ ముడి వేశాడు. ఆ ముడి కత్తెరకి తప్ప దేవుడికి కూడా లొంగదు. పాతబడిపోయిన చీటీలుంటే అవీ తెచ్చి డబ్బాలకి అంటించాడు. 'పగిలే వస్తువు'. 'ఈ వైపు పైకి'. 'తలకిందులు చేయరాదు'. ఎనిమిదో డబ్బాకి వచ్చేసరికి మంచి చీటీలు అయిపోయి, 'తడవనీయరాదు' అన్నది అంటించాడు. ఆ డబ్బాకి ఆవిడ రెండ్రోజులు నీళ్లు పొయ్యలేదు.

"రాసుంది కదండీ!"

"ఊరికే అంటించానోయ్."

"ఊరికే అంటించేవాళ్లు చదవడం రానివాళ్లింట్లో అంటించుకోవాలి."

దీని మీద మొగుడూ పెళ్లాలు ఒక పూటంతా మాట్లాడుకోలేదు. పూట గడిచాక ఆవిడే వెళ్లి ఆ చీటీ గోకి పారేసింది.

మొదట వచ్చిన పూత రాలిపోయింది. రెండోసారీ రాలింది. ఆవిడ పళ్లెంలో అన్నం కెలుకుతూ కూర్చుంటే ఆయనకి కాళ్లూ చేతులూ ఆడలేదు. కాంపౌండరు ఏదో మందు తెచ్చి కొట్టాడు. మూడోసారి పూత నిలిచింది, శనగగింజంత పిందెలు పడ్డాయి. ఆవిడ పొద్దున లేస్తూనే పెరట్లోకి పోయి ఒక్కో పిందెనీ పలకరించి వచ్చేది. ఆకులు తడిమిన చేతులు కడుక్కోకుండా వాసన చూసుకుంటూ కూర్చునేది. ఓ రోజు పాట కూడా పాడింది. ఇస్త్రీ ఆయన ఏమనుకున్నాడో తెలియదుగానీ, పార్సిలాయనకి మాత్రం పెళ్లయిన కొత్త గుర్తొచ్చింది.

ఇంతలో ఎండలు ముదిరాయి. కొళాయి నీళ్లు సాయంత్రం నాలుగింటికి వచ్చి అయిదింటికి పోతాయి. ఆయన ఇంటికి చేరేది ఆరున్నరకి. ఆవిడకేమో నడుం నొప్పి, వంగొద్దు, బరువులెత్తొద్దు అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. "నువ్వు బకెట్ ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే. నేనొచ్చి ఏదో ఒకటి చేస్తా" అని చెప్పి ఆయన ఆఫీసుకి పోయాడు. ఆ రోజు వడగాడ్పు కొట్టింది. పిందెలు ఎండిపోతాయన్న బెంగతో ఆయన మూడు కిలోల మూటని మూడుంబావు అన్నాడు. ముప్పై ఒక్కేళ్లలో అదే మొదటి పొరపాటు.

ఇంట్లో ఆవిడ ఆగలేకపోయింది. నాలుగింటికి కొళాయి బుస్సుమనగానే చెంబు తీసుకుని, వంగకుండా, ఒక్కో చెంబే ఒక్కో మొక్కకి పోసి, హమ్మయ్య అనుకుని ఆఫీసుకి ఫోను చేసింది. ఫోనంటే ఆవిడకి గిట్టదు. నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది. ఎత్తింది రసీదులావిడ.

"ఆయన ఉన్నారా?"

"గోడౌన్లో ఉన్నారు వదినా. ఏమైనా చెప్పమంటారా?"

"నేను నీళ్లు పోసుకున్నానని చెప్పమ్మా. పొద్దున్నుంచి అదే బెంగతో ఉంటారు."

రసీదులావిడ చేతిలో కలం ఆగిపోయింది. "నీళ్లు... పోసుకున్నారా వదినా?"

"ఆఁ. డాక్టరు వంగొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, అవన్నీ నాకు గుర్తున్నాయి, జాగ్రత్తగానే ఉన్నానని చెప్పు. కంగారుపడి పరిగెత్తుకు రావద్దను."

టక్కున ఫోను పెట్టేసింది.

తప్పెవరిది? రసీదులావిడని అంటే పాపం. మొక్కకైతే 'పోశాను' అనాలి. కానీ తన మొక్కలు, తన ఓపిక, 'పోసుకున్నాను' అనకుండా ఆవిడ నోరెలా ఊరుకుంటుంది? పొయ్యడానికీ పోసుకోవడానికీ మధ్యనున్న ఆ పిసరంత 'కోవడం' వచ్చి కొంప ముంచింది. ఉత్తినే అని ఉంటే స్నానం అనుకుని సరిపెట్టుకునేవారేమో. డాక్టరూ, బరువులూ, జాగ్రత్తా అన్నీ వరసగా వచ్చి పక్కన నిలబడ్డాక, పెళ్లయిన ఆడది నీళ్లు పోసుకున్నానంటే ఏ తెలుగువాడికైనా అర్థమయ్యేది ఒక్కటే. ఆవిడకి నలభై ఎనిమిదేళ్లన్న సంగతి రసీదులావిడకి తట్టకపోలేదు. తట్టింది కాబట్టే ఇంకా ఎక్కువ పొంగిపోయింది.

పార్సిలాయన గోడౌన్లోంచి వచ్చేసరికి హాల్లో ఉన్న ఆరుగురూ లేచి నిలబడి ఉన్నారు. ఎవరో పై అధికారి తనిఖీకి వచ్చాడనుకుని ఆయనా వెళ్లి గోడవార నిలబడ్డాడు.

"అన్నయ్యగారూ, వదిన ఫోను చేశారు. నీళ్లు పోసుకున్నారట!"

"హమ్మయ్య!" అన్నాడు పార్సిలాయన గుండెల మీద చెయ్యేసుకుని. "పొద్దున్నుంచి ప్రాణం కొట్టుకుంటోంది. బతికించావమ్మా."

"ఎన్నాళ్లకి అన్నయ్యగారూ!"

"అదే కదా. ఇదివరకు రెండుసార్లు నిలవలేదు. ఆశ వదిలేసుకున్నాం. పక్కింటి కాంపౌండరు మందివ్వబట్టి సరిపోయిందిగానీ, నా ఒక్కడివల్ల ఏమవుతుంది?"

రసీదులావిడ కొంగు కళ్లకద్దుకుంది. హమాలీల మేస్త్రి గబగబా వచ్చి ఈయన్ని అమాంతం కావలించుకుని గాల్లోకి లేపాడు. టమాటా మొక్కలంటే వీళ్లకింత ప్రాణమని పార్సిలాయనకి ఆ రోజుదాకా తెలియదు. ఎంత మంచివాళ్లు, వీళ్లనా నేను ఇన్నాళ్లూ రాతిమనుషులనుకున్నాను అని తనని తనే తిట్టుకున్నాడు.

మేనేజరుగారు గదిలోకి పిలిచారు. "కూర్చోవయ్యా" అన్నారు. ముప్పై ఒక్కేళ్లలో ఆ గదిలో ఆయన కూర్చోవడం అదే మొదలు.

"డాక్టరేమంటున్నాడు? మామూలు కాన్పేనా, ఆపరేషన్ చెయ్యాలా?"

టమాటాకి ఆపరేషనేవిటి అనుకున్నాడు పార్సిలాయన. ఒక క్షణం పట్టింది. ఆ తర్వాత నీళ్లూ, పోసుకోవడమూ, కౌగిలింతా, కన్నీళ్లూ అన్నీ ఒక్కసారే వెలిగాయి. 'అయ్యా, అవి టమాటాలండీ' అందామని నోరు తెరిచాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"రేపట్నుంచి మూడింటికల్లా ఇంటికెళ్లిపో," అన్నారు మేనేజరుగారు. "ఆవిణ్ణి బకెట్ ఎత్తనివ్వకు. నీళ్ల పనంతా నువ్వే చూసుకో."

మూడింటికి వెళితే మూడున్నరకి ఇల్లు. నాలుగింటికి కొళాయి. కుర్చీ కూడా మెత్తగా ఉంది. పార్సిలాయన తెరిచిన నోరు మూసుకుని "చిత్తం" అన్నాడు. రేపు చెప్పేద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు రెండు నెలలు పట్టింది.

ఈ రెండు నెలలూ ఆఫీసు ఆయన చుట్టూ తిరిగింది. తలుపు తీసుకుని లోపలికి రావడమే ఆలస్యం, "ఏంటి విశేషాలు?" అని ఆరు గొంతులు. ఆయన అబద్ధం ఆడదలచుకోలేదు, నిజమే చెప్పేవాడు. ఆ నిజానికి తెలుగు భాష కావలసినంత సాయం చేసింది. మగవాడైతే వచ్చాడు, పోయాడు అని తేలిపోయేది. మన భాషలో ఆడమనిషికీ మొక్కకీ క్రియ ఒకటే కదా, వచ్చింది, వాడింది, తేరుకుంది అంటే ఎవరని ఎవడు తేల్చగలడు?

"ఇవాళ ఎలా ఉంది అన్నయ్యగారూ?"

"మధ్యాహ్నం కాస్త వాడిపోయింది. సాయంత్రం నీడలోకి జరిపాక తేరుకుంది."

"నిలబడగలుగుతోందా?"

"కట్టేశాంగా, ఫరవాలేదు."

రసీదులావిడ ఈ మాటకి కాస్త తెల్లబోయిందిగానీ, కాంపౌండరు వైద్యం అలా ఉంటుంది కాబోలని ఊరుకుంది. ఓ రోజు ఈయన ఉత్సాహం పట్టలేక, "నిన్న చూస్తే పద్నాలుగు!" అనేశాడు. "వారాలా?" అంది ఆవిడ. "ఆఁ" అన్నాడు. ఎంత వెతికినా ఆ ఆఫీసులో ఆయన నోటి వెంట వచ్చిన అబద్ధం ఆ ఒక్క 'ఆఁ' మాత్రమే.

నిజం చెప్పాలంటే ఆయనకి అది బాగుంది. ఎవరో తన కోసం ఎదురుచూడ్డం, తను చెప్పేది ఆరుగురు చెవులొగ్గి వినడం. ఒక్కోసారి బస్సులో వస్తూ, నిజంగానే ఇంట్లో ఏదో ఉన్నట్టు, తొందరగా వెళ్లాలన్నట్టు గుండె కొట్టుకునేది. వెంటనే సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూసేవాడు.

ఇంటి దగ్గర ఆవిడ అడిగింది, "మూడింటికే ఎలా వదులుతున్నారండీ?"

"నీ ఒంట్లో బాలేదని మేనేజరుగారే పంపిస్తున్నారు."

"నా నడుం నొప్పి ఆయనకెలా తెలుసు?"

"తెలుసుకున్నారు."

"నా గురించి కూడా అడుగుతారన్నమాట," అంది ఆవిడ, అదోలా.

కాయలు ముదిరాయి. ఆకుపచ్చ తెల్లబడింది, తెలుపు పసుపైంది. ఓ ఆదివారం పొద్దున ఒకటి ఎర్రగా పండింది. ఆవిడ కోసి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అలవాటు చొప్పున అరచేతిలో ఆడించాడు.

"నూట ఎనభై."

"తూచకండి, తినండి!"

బండ మీద కూర్చుని చెరిసగం కోసుకుని ఉప్పు జల్లుకుని తిన్నారు. ఎండకి పండు గోరువెచ్చగా ఉంది. పులుపూ తీపీ కలిసి దవడలు లాగాయి. రసం మోచేతులదాకా కారితే ఆవిడ చిన్నపిల్లలా నాకేసింది. బజారు టమాటాలు ఇన్నేళ్లు ఎలా తిన్నామా అనిపించింది ఆయనకి. కళ్లు చెమ్మగిల్లాయి. పులుపు వల్ల అని చెప్పాడు.

"ఏవండీ," అంది ఆవిడ చేతులు తుడుచుకుంటూ. "మీ ఆఫీసువాళ్లని వచ్చే ఆదివారం మనింటికి పిలుద్దామా? ఇవన్నీ చూపించాలనుంది."

పార్సిలాయనకి గొంతులో గింజ అడ్డం పడింది. పదిహేనేళ్లుగా ఒక మనిషిని గడప దాటి రమ్మనని మనిషి, నోరు తెరిచి పిలుద్దామంటోంది. వాళ్లొస్తారు. వచ్చి గుమ్మంలోనే ఆ మాట అంటారు. మొగుడు రెండు నెలలుగా ఆఫీసులో తన పేరు చెప్పి ఏం నాటకం ఆడుతున్నాడో తెలుస్తుంది. ఆ దెబ్బకి ఆవిడ మళ్లీ తలుపేసుకుంటే ఇక ఈ జన్మలో తెరవదు. ఆయన భయమల్లా అదే. ఉద్యోగం పోతుందన్న భయం కూడా దాని ముందు దిగదుడుపే.

"ఇప్పుడెందుకులే, వాళ్లకి తీరదు," అన్నాడు.

"మీరు పిలవకపోతే నేనే పిలుస్తా," అంది. అన్నంత పనీ చేసింది, మర్నాడే ఫోను చేసి పిలిచింది.

శనివారం ఆయన గుండె చిక్కబట్టుకుని రసీదులావిడ బల్ల దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, అసలు సంగతి చెప్పేస్తాను. అవన్నీ టమాటాలు."

"నాకు తెలుసన్నయ్యగారూ," అంది ఆవిడ మురిపెంగా. "ఈ టైములో పులుపు మీదికే మనసు పోతుంది. ఎన్ని కావాలంటే అన్ని తిననివ్వండి."

ఇంక ఆయన ఏం చెప్తాడు? ఆదివారం పొద్దున ఆవిడకే చెప్పేద్దామని పెరట్లోకి వెళ్లాడు. ఆవిడ ఒక్కో ఆకూ తడిగుడ్డతో తుడుస్తోంది, చుట్టాలొస్తున్నారని. ఆయన మళ్లీ లోపలికి వచ్చేశాడు.

పదింటికి వచ్చారు. ముందు మేనేజరుగారు, వెనక రసీదులావిడ, ఆ వెనక మిగతావాళ్లు, అందరికంటే వెనక గోనెపట్టా చుట్టిన పెద్ద మూట నెత్తిన పెట్టుకుని మేస్త్రి. మట్టి చేతులతోనే ఆవిడ తలుపు తీసింది.

"వదినా, మీరెందుకు లేచారు, కూర్చోండి కూర్చోండి," అని రసీదులావిడ రెక్క పట్టుకుంది.

"నాకేం, నిక్షేపంలా ఉన్నాను. మిమ్మల్నందర్నీ చూస్తే సగం నొప్పి పోయింది."

"నొప్పులా? అప్పుడేనా?" అన్నారు మేనేజరుగారు గాభరాగా.

"రోజూ ఉండేవే," అంది ఆవిడ.

పార్సిలాయన టీ కప్పులు పట్టుకుని వంటింటి గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

"ఎన్నో నెల వదినా?"

"నాలుగో నెల," అంది ఆవిడ. మొలక లేచిన దగ్గర్నుంచి లెక్క.

"ఏం కనపడ్డం లేదే!"

"ఇక్కణ్ణుంచి ఏం కనపడతాయమ్మా? పెరట్లో ఉన్నాయి."

"ఉన్నాయా?" అన్నారు మేనేజరుగారు.

"ఇరవై ఆరు," అంది ఆవిడ గర్వంగా. "మొదటిది పోయిన ఆదివారం వచ్చింది. ఆగలేకపోయామండీ. ఉప్పు జల్లుకుని ఇద్దరం చెరిసగం తినేశాం. ఎంత రుచో! ఈయనకైతే కళ్లనీళ్లొచ్చాయి."

మేనేజరుగారు మెల్లగా గుమ్మం వైపు ఒక అడుగు వేశారు. మేస్త్రికి చేతుల్లో పట్టు సడలి మూట కింద పడింది, గోనెపట్టా జారిపోయింది. లోపల చెక్క ఉయ్యాల, కొత్త రంగు వేసింది. పడ్డ ఊపుకి అది ఊగుతూనే ఉంది.

"ఇదేంటి?" అంది ఆవిడ.

అందరూ పార్సిలాయన వైపు చూశారు. ఈ రెండు నెలలూ అందరూ తనని చూస్తే మురిసిపోయిన ఆయనకి ఆ క్షణం ఎవరి కంటికీ కనపడకుండా పోతే బాగుండుననిపించింది. కప్పులు కింద పెట్టాడు.

"ఆ రోజు నువ్వు ఫోను చేసి నీళ్లు పోసుకున్నానన్నావు చూడు. మొక్కలకని వీళ్లకి తెలియలేదు. వేరేగా అనుకున్నారు. మేనేజరుగారు కుర్చీ వేశారు, మూడింటికి పొమ్మన్నారు. నేను కాదనలేదు. తప్పు నాదే. రెండు నెలలైంది."

రసీదులావిడ "అయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంటావిడ గబగబా పెరట్లోకి వెళ్లిపోయి బండ మీద కూలబడింది. అందరూ ఏం చెయ్యాలో తోచక వెనకాలే వెళ్లి డబ్బాల మధ్య ఒద్దికగా నిలబడ్డారు. ఇప్పుడు అరుస్తుంది, వీధి వీధంతా వింటుంది అనుకున్నాడు పార్సిలాయన. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది.

"అయితే రెండు నెలలుగా మీ ఆఫీసులో నేను కడుపుతో ఉన్నానన్నమాట."

"ఊఁ."

"రోజూ అడిగేవారా?"

"రోజూ. నేను తలుపు తియ్యగానే."

"ఏమని?"

ఆయన తడబడ్డాడు. "ఎలా ఉంది, ఏం తింది అని... విశేషాలేంటి అని."

ఆ మాట ఆ పెరట్లో పడింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"బాధపడతావని."

"బుద్ధుందా మీకు?" ఇప్పుడు వచ్చింది ఆ గొంతు, ఎనిమిది డబ్బాలూ అదిరేలా. "ఇంతమందికి ఉందట, నాకొక్కదానికే లేదా? చెప్పి ఉంటే నేనూ ఉండేదాన్ని కదా, ఈ రెండు నెలలూ!"

పార్సిలాయనకి సిగ్గేసింది. ఇరవై ఆరేళ్లు కాపురం చేసి, ఈవిడ మనసు ఎంతదో ఒక్కసారైనా సరిగ్గా అంచనా కట్టలేకపోయానే అని ఏడుపొచ్చింది.

"మేం... ఇక వస్తామమ్మా," అన్నారు మేనేజరుగారు.

"ఎక్కడికి? కూర్చోండి. ఒక్కరు కదిలారంటే చూడండి!" అంది ఆవిడ. కూర్చోడానికి అక్కడేం లేదు. మేనేజరుగారు బోర్లించిన బకెట్ మీద కూర్చున్నారు. ఆవిడ లేచి పండినవన్నీ తెంపి తలా ఒకటి చేతిలో పెట్టింది. "తినండి. మనుషుల్ని తినలేదు మేం, ఇవే."

తిన్నారు. మేనేజరుగారి చొక్కా మీద రసం కారింది. ఉప్పుందా అని నోరు తెరిచి అడిగారు.

ఆవిడ కళ్లు రసీదులావిడ చేతిలో నలుగుతున్న కాయితం మీద పడ్డాయి. "అదేంటమ్మా?"

"ఏం లేదొదినా."

"ఏం లేనిదాన్ని అంత గట్టిగా పట్టుకున్నావేం?"

"పేర్లు వదినా. ఆఫీసులో అందరం తలో నాలుగు రాశాం. మీరు ఎంచుకుంటారని."

"చదువు."

రసీదులావిడ బెదురుగా చదవడం మొదలుపెట్టింది. ఆవిడ బండ మీద కూర్చుని తల ఊపుతూ వింది.

"అది మా అత్తగారి పేరు. వద్దు. తర్వాతది."

చదివింది.

"నోరు తిరగదు. బళ్లో పిల్లలు ఏడిపిస్తారు. ఎవరు రాశారది?"

మేనేజరుగారు బకెట్ మీంచి చెయ్యెత్తారు.

"మీకు తెలియదు, ఊరుకోండి. తర్వాతది."

మేస్త్రి రాసిన నాలుగూ కొట్టేసింది. రసీదులావిడ రాసినవాటిలో ఒకటి ఫరవాలేదంది. ఇరవయ్యో, ఇరవై ఒకటో చదివేసరికి, ఆవిడ ఏమీ అనలేదు. రసీదులావిడ తలెత్తి చూసింది. పార్సిలాయన నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ కాయితం తన బల్ల దగ్గరికి వచ్చినప్పుడు, అందరూ రాస్తున్నారు కదా అని ఆయనా ఒకటి రాశాడు. ఆవిడకి రెండోసారి నెల తప్పినప్పుడు, పద్దెనిమిదేళ్ల కిందట, ఆడపిల్ల పుడితే పెడదామని ఇద్దరూ అనుకున్న పేరు.

ఆవిడ ఆయన వైపు చూసింది. "మీరేనా రాసింది?"

"ఊఁ."

ఆవిడ మట్టి చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

"ఏదీ, ఇంకోసారి చదువమ్మా," అంది.

రసీదులావిడ చదివింది.

"ఇంకోసారి."